పాత కార్ ట్రైలర్: బాగు చేయించాలా, మార్చేయాలా? కిందికి దూరి చూసి తేల్చుకునే పద్ధతి

"కార్లు మోసే నా ట్రైలర్‌కి పదిహేనేళ్లు దాటాయి. అక్కడక్కడా తుప్పు పట్టింది, ఒక టైరు పక్కకి అరిగిపోతోంది, బ్రేకులు అంతంతమాత్రం. దీని మీద ఇంకా డబ్బు పెట్టొచ్చా?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. దాదాపు అందరూ పక్క నుంచి తీసిన ఒక ఫోటో చూపిస్తారు. ఆ ఫోటో చూసి ఏమీ చెప్పలేం. రంగు, మడ్‌గార్డులు, డెక్ చెక్కలు (కారు నిలిచే పలకలు) పైకి కనబడేవి. జవాబు ఉండేది కింద, ఫ్రేములో.

టైర్లు, బ్రేకులు, లైట్లు, చెక్కలు డబ్బు పెడితే దొరుకుతాయి, విప్పి బిగించుకోవచ్చు. ఫ్రేము అలా కాదు. అందుకే ఫ్రేము బాగుందా, ఆ ట్రైలర్ ఇప్పటి మీ పనికి చాలుతుందా అన్న రెండు విషయాలు తేలేదాకా ఒక్క నట్టు కూడా కొనకండి. కింద చెప్పినవన్నీ వరుస తప్పకుండా చేయండి. మధ్యలో ఎక్కడైనా "మార్చేయాలి" అని తేలితే మిగతా తనిఖీ అక్కర్లేదు.

1. ముందు మీ పనిని తూచండి

ట్రైలర్‌కి తయారీదారు బిగించిన ప్లేటు మీద గరిష్ఠ మొత్తం బరువు రాసి ఉంటుంది. అది సరుకుతో కలిపి ట్రైలర్ మొత్తం ఎంత తూగవచ్చో చెప్పే అంకె, మీరు ఎక్కించే కారు బరువు కాదు. వించ్ (కారుని పైకి లాగే యంత్రం), స్టెప్నీ, టూల్ బాక్సు, ర్యాంపులు, బెల్టులు అన్నీ ఉంచి ఖాళీ ట్రైలర్‌ని వేబ్రిడ్జి మీద తూయించండి. ప్లేటు అంకెలోంచి ఈ బరువు తీసేస్తే మిగిలేదే మీరు మోయగలిగేది.

ఉదాహరణకి, రెండు ఇరుసుల ట్రైలర్ ప్లేటు మీద 3,175 కిలోలని ఉంది, ఖాళీగా 950 కిలోలు తూగింది అనుకోండి. మిగిలేది 2,225 కిలోలు. మామూలు పెట్రోలు కారుకి ఇది ధారాళం. బ్యాటరీతో నడిచే మధ్యస్థాయి ఎస్‌యూవీ ఒక్కటే సుమారు 2 టన్నులు తూగుతుంది. పెద్ద బ్యాటరీ పికప్పులు ఈ పరిమితిని దాటేస్తాయి. ట్రైలర్ కొన్న రోజున మోసిన కార్లు వేరు, ఇవాళ మోస్తున్నవి వేరు. చాలామంది ఈ తేడా గమనించరు.

"బలమైన ఇరుసులు వేయిస్తే సరిపోదా?" అని అడుగుతారు. సరిపోదు. ఫ్రేము, కప్లర్ (లాగే బండికి తగిలించే భాగం), టైర్లు, ఇరుసులు, వీటిలో అన్నిటికన్నా బలహీనమైనదే ట్రైలర్ బలం. ఇరుసు మార్చినంత మాత్రాన ప్లేటు మీద అంకె మారదు.

కాగితాలు కూడా ఇప్పుడే చూసుకోండి. ఫ్రేము మీద కొట్టిన ఛాసిస్ నంబరు చదవడానికి వస్తోందా? రిజిస్ట్రేషన్‌తో సరిపోతోందా? ఆ నంబరున్న భాగమే తుప్పు తినేసి ఉంటే, మరమ్మతు మొదలుపెట్టే ముందే మీ రిజిస్ట్రేషన్ కార్యాలయంలో అడగండి. పని అయ్యాక అడిగితే ఖర్చంతా నీళ్లపాలయ్యే ప్రమాదం ఉంది.

☐ ఖాళీ బరువు తూయించాను
☐ వచ్చే కొన్నేళ్లలో మోయబోయే అతి బరువైన కారు ఏదో తెలుసు
☐ లాగే బండి సామర్థ్యం కూడా సరిపోతోంది
☐ ఛాసిస్ నంబరు, కాగితాలు సరిపోలాయి

వీటిలో బరువు లెక్క తప్పితే మరమ్మతు మాట మరిచిపోండి. నేరుగా 10వ భాగానికి వెళ్లండి.

2. తనిఖీకి సిద్ధం చేయడం

గట్టి సమతల నేల కావాలి. ట్రైలర్‌ని లాగే బండికి తగిలించే ఉంచి, బండి హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకి అడ్డు కట్టెలు పెట్టండి. జాకీని ఫ్రేము కింద, కమాన్ (పట్టీల స్ప్రింగు) బ్రాకెట్లకి దగ్గరగా పెట్టండి. ఇరుసు గొట్టం మధ్యలో జాకీ పెడితే గొట్టం వంగుతుంది. తనిఖీ చేయబోయి కొత్త లోపం తెచ్చుకున్నట్టవుతుంది. ఎత్తాక స్టాండ్లు వేయకుండా కిందికి తల పెట్టవద్దు. జాకీ ఒక్కదాన్నీ నమ్మి దూరకండి.

కింది భాగమంతా నీళ్లతో బాగా కడిగి ఆరనివ్వండి. ప్రెషర్ పంపు నీళ్లు చక్రాల మధ్యలోని హబ్ సీళ్ల మీద నేరుగా కొట్టకండి, గ్రీజులోకి నీరు దిగుతుంది. మట్టి, గ్రీజు పేరుకున్న చోటే పగుళ్లు దాక్కుంటాయి కాబట్టి కడగకుండా చేసే తనిఖీకి విలువ లేదు.

దగ్గర ఉంచుకోవలసినవి: ఇనుప బ్రష్, గీకుడు బిళ్ల, చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్, మంచి టార్చి, పొడవు టేపు, చాక్‌పీసు, మల్టీమీటర్, పగుళ్లు చూపించే ఎర్ర డై కిట్టు. దోషం కనబడిన ప్రతిచోటా చాక్‌తో గుండ్రం చుట్టి, నంబరు వేసి, ఫోటో తీయండి. రేపు వెల్డర్‌తో మాట్లాడేటప్పుడు ఇవే ఆధారం.

3. ఫ్రేము: ఇక్కడ తొందరపడకండి

సగం సమయం ఈ ఒక్క భాగానికే కేటాయించండి. పగుళ్లు ఎక్కడపడితే అక్కడ రావు. బలం ఒక కమ్మీ నుంచి ఇంకో కమ్మీకి మారే మూలల్లో, వెల్డింగు అంచుల్లో వస్తాయి. ఈ చోట్లు ఒక్కటీ వదలకండి:

☐ ముందు డ్రాబార్ (కప్లర్ ఉండే లాగుడు కమ్మీ), మొదటి అడ్డ కమ్మీ కలిసే చోటు
☐ కమాన్ బ్రాకెట్లు ఫ్రేముకి అతికిన వెల్డింగులు
☐ అడ్డ కమ్మీల రెండు చివర్లు
☐ వెనక భాగం కిందికి వంగే మలుపు
☐ ర్యాంపు కీళ్లు
☐ కారుని కట్టే రింగుల కింది భాగం

రంగు మీద వెంట్రుకంత సన్నగా ఎర్రటి తుప్పు గీత కనబడితే అది ఉత్త గీత అనుకోకండి. లోపల పగులు ఉంటే అందులోంచి నీరు తుప్పుని బయటికి తెస్తుంది. ఆ చోట రంగు గీకి, శుభ్రం చేసి, ఎర్ర డై కొట్టి, కిట్టు మీద చెప్పినంతసేపు ఆగండి. తరవాత పైన ఉన్న డై తుడిచేసి తెల్ల డెవలపర్ కొట్టండి. పగులు ఉంటే తెలుపు మీద ఎర్ర గీత తేలుతుంది.

తర్వాత తుప్పు. పైన పొడిలా రాలే తుప్పుతో పెద్ద భయం లేదు. పొరలు పొరలుగా ఊడే తుప్పే ప్రమాదకరం. పెట్టె ఆకారపు గొట్టాలతో కట్టిన ఫ్రేములు మరీ మోసం చేస్తాయి. లోపల నీరు నిలిచి లోపలి నుంచే తినేస్తుంది, పైన మాత్రం రంగు నిగనిగలాడుతుంది. పైన పటారం లోన లొటారం. సుత్తితో బారుగా తట్టుకుంటూ వెళ్లండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. పల్చబడిన చోట మొద్దు శబ్దం వస్తుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి, గొట్టం కింది వైపున మరీ గట్టిగా.

అనుమానం తీరకపోతే అల్ట్రాసోనిక్ మందం మీటరు ఉన్నవాళ్లతో కొలిపించండి. ఒకే కమ్మీలో తుప్పు లేని చోట ఎంత, ఉన్న చోట ఎంత అన్నది పోల్చాలి. నేను పెట్టుకున్న గీత ఇది: ముందు నుంచి వెనకదాకా సాగే ప్రధాన కమ్మీల్లో పదో వంతుకు మించి మందం పోతే, అర్హత ఉన్న ఇంజనీరు చూడందే మరమ్మతు మొదలుపెట్టను.

ఇక వంకర. ఫ్రేము మూల నుంచి ఎదుటి మూలకి రెండు ఐమూలలూ కొలవండి. తర్వాత కప్లర్ మధ్య బిందువు నుంచి ముందు ఇరుసు ఎడమ కొసకి, కుడి కొసకి కొలవండి. ఈ రెండు కొలతల మధ్య తేడా 3 మి.మీ. దాటకూడదు. దాటితే ఇరుసు జరిగిందా, ఫ్రేమే మెలి తిరిగిందా అన్నది తేల్చాలి. ఇరుసు జరిగితే సరిచేసుకోవచ్చు. ఫ్రేము మెలి తిరిగితే నా సలహా మార్చేయమనే.

లోహాన్ని బట్టి రెండు జాగ్రత్తలు. జింకు పూసిన ఫ్రేముని వెల్డింగ్ చేయాలంటే ఆ చోట జింకు పూర్తిగా గీకేయాలి. ఆ పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి, కాబట్టి గాలి ఆడే చోట తగిన మాస్కుతోనే చేయించండి. అల్యూమినియం ఫ్రేముల్లో వెల్డింగు వేడి తగిలిన చుట్టుపక్కల లోహం బలం బాగా తగ్గిపోతుంది. ఆ పని తెలియని చేతికి అప్పగించొద్దు.

ఫ్రేము మీద తీర్పు ఇలా ఇవ్వండి:

బ్రాకెట్ దగ్గర ఒకటి రెండు కొత్త పగుళ్లు, మిగతాదంతా గట్టిగా ఉంది: బాగు చేయించవచ్చు.

ఇదివరకు వెల్డింగ్ చేసిన చోటే, లేదా దాని పక్కనే మళ్లీ పగిలింది: అసలు కారణం తెలియాలి. కారణం దొరక్కపోతే మార్చేయండి.

నాలుగైదు చోట్ల పగుళ్లు, లేదా ప్రధాన కమ్మీలో రంధ్రాలు: మార్చేయండి. లోహం అలిసిపోయింది. ఒకటి అతికితే దాని పక్కది పగులుతుంది.

4. ఇరుసులు, కమాన్లు

మొదట టైర్లని చూడండి, ఇరుసు కథ అవే చెబుతాయి. రెండు వైపులా లోపలి అంచులే అరిగాయంటే చాలాకాలం అధిక బరువు మోసి ఇరుసు వంగిందని అనుమానించాలి. ట్రెడ్ మీద అడ్డంగా చెయ్యి పెట్టి రాస్తే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా గరుకుగా తగిలితే చక్రాలు నేరుగా నడవడం లేదు. ఒకే ఇరుసు మీది రెండు టైర్ల మధ్య దూరాన్ని ముందువైపు, వెనకవైపు కొలిచి పోల్చితే ఇది తేలిపోతుంది.

కమాన్ పట్టీల్లో విరిగిన పట్టీ, చదునైపోయిన వంపు, కోలగా సాగిన షాకిల్ (కమాన్ కొసని ఫ్రేముకి కలిపే లింకు) రంధ్రాలు వెతకండి. కమాన్లు విప్పితే వాటిని ఇరుసుకి పట్టి ఉంచే యు బోల్టులు కొత్తవే వేయాలి. ఒకసారి బిగించి సాగిన బోల్టు మళ్లీ అదే పట్టు ఇవ్వదు. నైలాన్ బుష్‌లు ఉంటే వాటి బదులు గ్రీజు ఎక్కించే కంచు బుష్‌లు వేయించండి. ఖర్చు కొద్దిగానే పెరుగుతుంది, ఆయుష్షు బాగా పెరుగుతుంది.

కమాన్లు లేకుండా లోపల రబ్బరుతో పనిచేసే టార్షన్ ఇరుసులైతే లెక్క వేరు. రబ్బరు చచ్చిపోతే చక్రాన్ని మోసే ఇరుసు చెయ్యి పైకి లేచిపోయి, చక్రం మడ్‌గార్డుకి దగ్గరవుతుంది. చాలా రకాల్లో ఆ రబ్బరు ఒక్కటే మార్చడం కుదరదు, ఇరుసు మొత్తం మార్చాల్సిందే.

ధరలు అడిగేటప్పుడు రెండు రకాలుగా అడగండి: హబ్బులు, డ్రమ్ములు, షూలు, సీళ్లు, బేరింగులు విడివిడిగా ఎంత? బ్రేకులతో సహా పూర్తి ఇరుసు సెట్టు ఎంత? అన్నీ అరిగిన ట్రైలర్‌కి పూర్తి సెట్టే మేలైన సందర్భాలు చాలా ఉంటాయి.

5. హబ్బులు, బ్రేకులు

చక్రం ఎత్తి తిప్పండి. గరగర వినబడితే బేరింగు పోయినట్టే. పైనా కిందా పట్టుకుని ఊపితే వదులు ఎక్కువ తగులుతోందేమో చూడండి. హబ్ విప్పాక ఇరుసు మొన (బేరింగు కూర్చునే కొస) మీద నీలం రంగు కనబడితే అది ఎప్పుడో విపరీతంగా వేడెక్కింది. అలాంటి మొన మీద కొత్త బేరింగు వేసి ఊరుకోవద్దు, ఆ మొన మార్చాలి. మామూలుగా బేరింగులకి 12 నెలలకి లేదా సుమారు 19,000 కి.మీ.కి ఒకసారి గ్రీజు మార్చాలి. ట్రైలర్ కదలకుండా ఉన్నా 12 నెలల లెక్క వర్తిస్తుంది, ఎందుకంటే తేమ ఊరుకోదు.

ఎలక్ట్రిక్ బ్రేకులైతే మల్టీమీటర్ తీయండి. మామూలు 10, 12 అంగుళాల డ్రమ్ముల్లో బ్రేకు షూలని కదిలించే మాగ్నెట్ సుమారు 3 ఓమ్‌లు చూపాలి. 12 వోల్టుల మీద రెండు బ్రేకులు కలిపి సుమారు 6 నుంచి 8 ఆంపియర్లు, నాలుగు కలిపి 12 నుంచి 16 ఆంపియర్లు తీసుకోవాలి. విడిగా మాగ్నెట్లు బాగుండి మొత్తం తక్కువ వస్తే తప్పు వైరులోనో ఎర్త్‌లోనో ఉంది. మాగ్నెట్లు మార్చకండి.

బండి నుంచి ట్రైలర్ ఊడిపోతే తనంతట తానే బ్రేకు వేసే పిన్ను ఉంటుంది. బండికి కలిపే ప్లగ్గు తీసేసి ఆ పిన్ను లాగండి. చక్రాలు బిగుసుకోవాలి. వెంటనే పిన్ను తిరిగి పెట్టేయండి. ఇది పనిచేయని ట్రైలర్‌ని రోడ్డెక్కించడం ఎదుటివాళ్ల ప్రాణాలతో చెలగాటం.

6. మిగతావి త్వరగా

టైర్లు: పక్క గోడ మీద డీఓటీ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ట్రెడ్ ఎంత ఉన్నా ఐదారేళ్లు దాటిన ట్రైలర్ టైర్లని మార్చే జాబితాలో రాసుకోండి. ఇవి అరిగి పోవడం కన్నా ఎండకి ఎండి పగిలి పోవడమే ఎక్కువ.

డెక్: చెక్క కుళ్లిందంటే దాని కింది కమ్మీని చూడమని సంకేతం. కుళ్లకుండా రాగి మందు పట్టించిన చెక్కని అల్యూమినియం మీద నేరుగా వేయొద్దు, లోహాన్ని తినేస్తుంది.

వైరింగ్: మూడు నాలుగు చోట్ల టేపు చుట్టిన అతుకులు ఉంటే మొత్తం కొత్తది వేయించండి. ఎర్త్‌కి కూడా ఫ్రేముని నమ్ముకోకుండా విడి వైరు లాగించండి.

కప్లర్, సేఫ్టీ గొలుసులు, వించ్ తాడు, బెల్టులు: అరిగితే మార్చండి. వీటిని చూసి ట్రైలర్ మొత్తం మార్చాలని నిర్ణయించుకోవద్దు.

7. మూడు జాబితాలు రాయండి

మొదటి జాబితా, ఫ్రేముకి సంబంధించినవి. రెండోది, ఇరుసులు, కమాన్లు, బ్రేకులు. మూడోది, టైర్లు, చెక్కలు, లైట్లు, రంగు.

మొదటి జాబితా ఖాళీగానో దాదాపు ఖాళీగానో ఉంటే మూడో జాబితా ఎంత పొడుగున్నా కంగారు లేదు. మొదటిది నిండి, మూడోది ఖాళీగా ఉన్న ట్రైలరే మోసం చేస్తుంది, చూడటానికి అది కొత్తదానిలా ఉంటుంది కాబట్టి.

8. లెక్క: మొత్తం కాదు, ఏడాదికి ఎంత

మరమ్మతు ఖర్చుని కొత్తదాని ధరతో నేరుగా పోల్చడం తప్పు. కొత్తది ఎక్కువ కాలం వస్తుంది. పాతదాన్ని ఇవాళ అమ్మితే కొంత డబ్బు వస్తుంది, ఉంచుకుంటే ఆ డబ్బు రాదు. అది కూడా ఖర్చే. సూత్రం ఇది:

(ఇవాళ అమ్మితే వచ్చేది + మరమ్మతు ఖర్చు − చివర్లో అమ్మితే వచ్చేది) ÷ వాడబోయే ఏళ్లు

కొత్త ట్రైలర్ ధర 100 అనుకుందాం. పదేళ్ల తర్వాత 45కి అమ్ముడుపోతే ఏడాదికి పడేది 5.5.

పాతది ఇవాళ 25కి పోతుంది. 20 పెట్టి బాగు చేయిస్తే ఆరేళ్లు వస్తుంది, అప్పుడు 20కి పోతుంది. (25 + 20 − 20) ÷ 6, అంటే ఏడాదికి సుమారు 4.2. బాగు చేయించడమే లాభం.

అదే మరమ్మతు 35 అయితే (25 + 35 − 20) ÷ 6, సుమారు 6.7. ధరలో మూడో వంతే కదా అనిపించినా కొత్తదానికన్నా ఖరీదు పడుతోంది.

మరమ్మతు అంచనాకి పావు వంతు అదనంగా కలిపే లెక్క వేయండి. విప్పాక బయటపడే తుప్పు ఎప్పుడూ ఉంటుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. ట్రైలర్ లేక పని ఆగే రోజులకి అద్దె ట్రైలర్ ఖర్చు కూడా రాసుకోండి.

9. బాగు చేయించాలని తేలితే, వరుస

① డెక్, వైరింగ్, మడ్‌గార్డులు విప్పేయడం. ② ఫ్రేము పగుళ్లు సరిచేయడం. ③ ఇసుకతో గానీ గ్రిట్‌తో గానీ తుప్పు వదిలించి, అదే రోజు ప్రైమర్, ఆ పైన రంగు. ④ ఇరుసులు, కమాన్లు బిగించి కొలతలు సరిచూడటం. ⑤ బ్రేకులు, వైరింగ్. ⑥ డెక్. ⑦ చివర్లో టైర్లు.

పగులు మీద ఊరికే వెల్డింగ్ పూత వేయించకండి. పగులు కొసన చిన్న రంధ్రం చేసి, పగులు పొడవునా వి ఆకారంలో తొలిచి, అప్పుడు వెల్డింగ్ నింపాలి. బలానికి ప్లేటు అతికితే దాని చివర్లు కోసుగా ఉండాలి. ప్రధాన కమ్మీ అంచు మీద అడ్డంగా వెల్డింగు గీత వేస్తే అక్కడే కొత్త పగులు మొదలవుతుంది.

తరచూ చూసే పొరపాట్లు:

అన్నిటికన్నా ముందే టైర్లు కొనడం. వంగిన ఇరుసు మీద కొత్త టైర్లు కొన్ని నెలల్లోనే పాడవుతాయి. ఇరుసు సరిచేశాకే కొనండి.

తుప్పు మీదే రంగు. తేమ లోపలే ఉండిపోయి పని కొనసాగిస్తుంది. లోహం తేలేదాకా గీకండి. పెట్టె గొట్టాలకి అడుగున నీరు పోయే దారి తెరిచి, లోపల తుప్పు నిరోధక మైనం చల్లించండి.

ఒక వైపే మార్చడం. కమాన్లు, బ్రేకు షూలు రెండు వైపులా జంటగా మార్చాలి. లేకపోతే ట్రైలర్ ఒక పక్కకి లాగుతుంది.

10. మార్చాలని తేలితే

కొత్తదైనా, ఎవరో వాడినదైనా ముందు 1వ భాగంలోని బరువు లెక్కకి కొంత మిగులు పెట్టి ఎంచుకోండి. మీ కార్లు కిందికి ఉండేవైతే ర్యాంపు వాలు, మడ్‌గార్డుల మధ్య వెడల్పు, కారు తలుపు తెరుచుకునే వీలు స్వయంగా చూడండి. అన్ని చక్రాలకీ బ్రేకులున్నాయో లేదో అడగండి. వాడినదైతే ఈ తనిఖీ అంతా డబ్బు ఇచ్చే ముందు చేయండి. కింద కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే అది ఎందుకు కొట్టారో తేలేదాకా బేరం చేయవద్దు.

పగిలిన ఫ్రేముని రంగేసి ఇంకొకరికి అంటగట్టకండి. దాని వెనక వచ్చే కారులో ఎవరో ఉంటారు. లోపం చెప్పి, తుక్కు కింద అమ్మండి. అంతకుముందు మంచిగా ఉన్న వించ్, స్టెప్నీ, ర్యాంపులు, రింగులు విప్పుకోండి.

11. రోడ్డెక్కిన మొదటి రోజులు

కారు ఎక్కించేటప్పుడు బరువు ముందుకి సరిగా పడాలి. అమెరికా తరహా ట్రైలర్లకి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కప్లర్ మీద పడాలి. యూరప్ తరహా వాటికి ఇంకా తక్కువ, కప్లర్ మీదా బండి మీదా రాసిన పరిమితే పాటించాలి. వెనక్కి బరువెక్కువైతే వేగంలో ట్రైలర్ తోక ఊపుతుంది.

☐ చక్రం నట్లు టార్క్ రెంచ్‌తో బిగించి, సుమారు 16, 40, 80 కి.మీ. దగ్గర ఆగి మళ్లీ సరిచూడటం
☐ పాతిక ముప్పై కి.మీ. తర్వాత హబ్బుల వేడి చెయ్యి దగ్గర పెట్టి పోల్చడం, ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే విప్పి చూడటం
☐ కొత్త బ్రేకు షూలైతే 300 కి.మీ. దాటాక మళ్లీ సర్దుబాటు
☐ వెల్డింగ్ చేయించిన ప్రతిచోటా బరువుతో నాలుగైదు ప్రయాణాలయ్యాక టార్చితో మళ్లీ చూడటం, చాక్ నంబర్ల ఫోటోలతో పోల్చడం